యాభై నాలుగు చుట్లు

రేపల్లెలో మా వైండింగ్ షాపుకు ఒక పద్ధతి ఉంది. కాలిపోయిన మోటారు విప్పి, పాత కాయిల్ కోసి, తీగ కొసలు లెక్కపెడుతున్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. వచ్చినవాడు ఎంత పెద్ద రైతైనా బల్ల మీద కూర్చుని ఆగాల్సిందే. ఎన్ని చుట్లు వచ్చాయో పుస్తకంలో రాసుకుని, కొత్త తీగతో అన్నే చుట్లు వెయ్యాలి. ముప్పై ఏళ్లలో ఆ బల్ల దగ్గర చాలామంది కూర్చుని లెక్కపెట్టారు. లెక్క అయ్యాక "ఇది అసలు ఎవరు వేసిన లెక్క?" అని అడిగింది మాత్రం సాయిసుధ ఒక్కతే.

సాయిసుధ మా వైపు రొయ్యల చెరువులు చేసే బసవేశ్వరరావుగారి కూతురు. అప్పటికి పదిహేడేళ్లు. తెనాలిలో ఇంటర్ ఒకేషనల్, ఎలక్ట్రికల్ గ్రూపు. ఆ క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. చదువులో భాగంగా ఏదో ఒక షాపులో పని నేర్చుకుని సంతకం పెట్టించుకోవాలి. చాలామంది సంతకానికే వస్తారు. ఈ అమ్మాయి వచ్చినరోజే చీపురు అడిగి తీసుకుని, రాగి తుక్కు ఒక పక్కకు, కాగితం ముక్కలు ఒక పక్కకు ఊడ్చింది. రెండు నెలలు తిరిగేసరికి తీగ కూర్చునే స్లాట్లలో తను మడిచి పెట్టిన కాగితం నా కాగితం కంటే శుభ్రంగా కూర్చునేది. పొగడాలని రాయడం లేదు. వేలితో తడిమి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తనకు ఉన్న కష్టమల్లా లెక్కలు. ఒకేషనల్ పిల్లలు ఇంజనీరింగ్‌కు వెళ్లాలంటే మామూలు ఇంటర్ వాళ్లు చదివే లెక్కల పేపర్లు కూడా అదనంగా రాయాలి. దాన్ని బ్రిడ్జి కోర్సు అంటారు. రాయకపోయినా ఇంటర్ పాసవుతారు. ఇంజనీరింగ్ దారి మాత్రం మూసుకుపోతుంది. సుధ మొదటి సంవత్సరం పేపరు తప్పింది. రెండో ఏడు వచ్చేసరికి రెండు పేపర్లూ కలిసి నెత్తిన పడ్డాయి. పైగా ఆ క్లాసు సాయంత్రం పెట్టారు. దానికి కూర్చుంటే రేపల్లె రైలు దొరకదు. బస్సు పట్టుకుని వచ్చేసరికి నేను షట్టర్ దించుతుంటాను.

పరీక్ష దరఖాస్తులకు నవంబరు నెలాఖరు గడువు. బ్రిడ్జి లెక్కలు ఉంచుకోవాలా, వదిలెయ్యాలా? ఆలోపు తేల్చుకోవాలి.

"వదిలెయ్యమ్మా. చేతిలో పని ఉంది. ఆ లెక్కలు ఎవరికి కావాలి?" అన్నాను నేను. అన్నమాట నిజమే గానీ, అందులో నా స్వార్థం కూడా ఉంది. సాయంత్రాలు తను రాకపోతే నాకు అలాంటి చెయ్యి ఇంకొకటి లేదు.

వాళ్ల నాన్నదీ అదే మాట. లెక్కలు చెప్పే వైదేహి మేడమ్ మాత్రం వేరే మాట అన్నారట. "వదిలేస్తానంటే నేను ఆపను. టైము లేక వదులుతున్నావా, భయపడి వదులుతున్నావా, అది మాత్రం నాకు చెప్పి వదులు."

సుధ వెంటనే వదలకపోవడానికి కారణం బాపట్ల. మొదటి సంవత్సరంలో పిల్లల్ని అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూడటానికి తీసుకెళ్లారు. అక్కడ ఒక మోటారును దబ్బపండులా నిలువునా కోసి, స్టాండు మీద పెట్టి ఉంచారట. "కాలకముందే కోశారు బాబాయ్! లోపల ఏముందో చూడటానికే కోశారు," అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

నవంబరు మూడో వారం చివర్లో బసవేశ్వరరావుగారు ఆటోలో మోటారు వేసుకుని వచ్చారు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్‌ది, రెండు హార్స్‌పవర్. నాలుగు నెలల్లో అది కాలడం మూడోసారి. ముందు రెండుసార్లూ చుట్టింది నేనే.

"ఏంటయ్యా రాజూ, ఇది మోటారా, కుంపటా?" అన్నారు దించుతూనే. "ఈసారి కాలిందంటే దీన్ని ముక్కలు చేసి రొయ్యలకు మేతగా వేస్తా."

"ఉప్పు గాలండి. దానికితోడు మీ లైనులో వోల్టేజీ కూడా..."

"పక్క చెరువు మోటార్లకు వేరే దేశం గాలి తోలుతున్నారా?"

ఆ రోజు కాలేజీకి సెలవు కావడంతో సుధ షాపులోనే ఉంది. వాళ్ల నాన్న బల్ల మీద కూర్చున్నారు. తను కాయిల్ కోసి కొసలు లెక్కపెట్టింది. నలభై ఎనిమిది. పుస్తకం తీసి చూశాను. రెండుసార్లూ నేను వేసింది నలభై ఎనిమిదే.

"లెక్క సరిపోయింది. చుట్టెయ్," అన్నాను.

"మొదటిసారి నీ దగ్గరికి వచ్చినప్పుడు లోపల ఉన్నది కంపెనీ వైండింగేనా బాబాయ్?"

"కాకపోతే ఎవరిది?"

"కంపెనీవాళ్లు ఇలాంటి దారంతో కడతారా?" మొదటిసారి విప్పినప్పుడు పాత కాయిల్ ముక్క ఒకటి నమూనాకు దాచి ఉంచాను. మేకుకు వేలాడుతున్న ఆ ముక్కను తెచ్చి చూపించింది. దానికి కట్టిన దారం బజార్లో దొరికే మామూలు నూలుదారం. నా కంటే ముందే దాన్ని ఎవరో చుట్టారు. నేను అది గమనించలేదు.

సుధ స్కేలు తీసుకుని మోటారు లోపలి ఇనుప దొంతర పొడవు కొలిచింది. ఎనభై మిల్లీమీటర్లు. పుస్తకంలో అదే కంపెనీ, అదే రెండు హార్స్‌పవర్ మోటారు ఇంకొకటి దొరికింది. దానికీ నలభై ఎనిమిది చుట్లే. లోపలి గుండ్రం కొలతా ఒకటే. పొడవు మాత్రం తొంభై.

"పైన తొడుగు ఒకటే, లోపల ఇనుము తక్కువ," అంది. "ఇనుము తగ్గితే చుట్లు పెరగాలి కదా? ఎవరో ఆ పెద్దదాని లెక్క తెచ్చి దీనికి వేసేశారు. తర్వాత అందరూ..." అని ఆగిపోయింది. ఆ 'అందరూ' ఎవరో ఇద్దరికీ తెలుసు.

నలభై ఎనిమిదిని తొంభైతో హెచ్చవేసి, ఎనభైతో భాగించి కాగితం నా ముందు పెట్టింది. యాభై నాలుగు.

చుట్లు తక్కువైతే మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండుసార్లూ చుట్టాక లోడు లేకుండా తిప్పి ఆంపియర్లు చూశాను. ఎక్కువే ఉన్నాయి. బేరింగు కొత్తది కదా, పట్టేసి ఉంటుందిలే అనుకున్నాను. మీటరు చెప్పింది. నేను వినలేదు.

కాస్త సన్నటి తీగతో యాభై నాలుగు చుట్లు సుధే వేసింది. వార్నిష్ ఆరాక, మూడోరోజు తిప్పి చూశాం. ముందు మూడు దాకా లాగిన ఆంపియర్లు రెండు దాటలేదు. మోటారు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచవచ్చు.

"చూశావా, లెక్కలు ఎట్టా పనికొచ్చాయో! ఇంక వదలకు," అన్నాను, నా పాత మాట మార్చుకుని.

తను నవ్వేసింది. "ఇది ఏడో తరగతి లెక్క బాబాయ్. దీనికి బ్రిడ్జి కోర్సెందుకు?"

అదీ నిజమే. ఆ మాటతో మళ్లీ వదిలెయ్యడం వైపే మొగ్గినట్టు కనిపించింది. గడువు ఇంకా ఆరు రోజులుంది.

మర్నాడు తను ఆ కాగితం తెనాలి తీసుకెళ్లింది. సాయంత్రం బస్సు దిగి నేరుగా షాపుకు వచ్చింది. నేను షట్టర్ సగం దించాను. రైలుకు రాలేదంటే క్లాసుకు కూర్చుందన్నమాట.

"మా పుస్తకంలో చుట్ల సూత్రం ఒకటుంది బాబాయ్. అందులో నాలుగు పాయింట్ నాలుగు నాలుగు అని ఒక అంకె. రెండేళ్లుగా బట్టీ పట్టి రాస్తున్నా. ఎక్కణ్ణుంచి వచ్చిందో మా గ్రూపులో ఎవరూ చెప్పలా. ఇవాళ మేడమ్‌ని అడిగా."

"ఏమన్నారు?"

"బోర్డు మీద అయిదు లైన్లు. అంతే! సైన్ అలని డెరివేటివ్ చేస్తే వచ్చేసింది. నేను తప్పిన పేపర్లోదే." సంచి దించి బల్ల మీద పెట్టింది. "ఆ అంకె ఎవరో వేశారని వేసుకుంటూ పోవడం, ఈ నలభై ఎనిమిది చుట్టుకుంటూ పోవడం, రెండూ ఒకటే కదా."

"అయితే మేడమ్‌కి ఏం చెప్పావు?"

"భయపడే వదులుతున్నానండి అని చెప్పా. అలాగైతే వదలడానికి వీల్లేదన్నారు."

ఇంటి దగ్గర వాళ్ల నాన్నతో పెద్ద గొడవే జరిగింది. "ఇంత పని వచ్చాక ఇంకా ఆ లెక్కలెందుకే? మళ్లీ తప్పితే?" అని ఆయన. "తప్పితే మళ్లీ రాస్తా నాన్నా. నీ మోటారు మూడుసార్లు కాలితే చెరువు మూసేశావా?" అని ఈమె. మర్నాడు ఆయనే ఈ మాట నాకు చెప్పి, "నోరు మాత్రం వాళ్లమ్మది," అన్నారు. మొహంలో కోపం లేదు.

గడువుకు రెండు రోజుల ముందే దరఖాస్తులో రెండు పేపర్లకూ పేరు రాయించుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు షాపుకు రావడం మానేసింది. ఆదివారం మాత్రం పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా పని చేసేది. వారమంతా నేను ఒక్కణ్ణే చుట్టుకున్నాను. పని వెనకపడింది, మాటలు పడ్డాను. తనను వెనక్కి పిలవాలని మాత్రం అనిపించలేదు.

మార్చిలో రెండో సంవత్సరం పేపరు గట్టెక్కింది. మొదటిది మళ్లీ తప్పింది, అయిదు మార్కుల్లో. ఆ వారం షాపుకు వచ్చి, రెండు మోటార్లు చుట్టి వెళ్లిపోయింది. వేసవిలో మళ్లీ రాసింది. ఈసారి పాసయింది. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో గొప్ప ర్యాంకేమీ కాదు. చివరి విడతలో బాపట్లలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. ఆ కోసిన మోటారు ఇంకా అక్కడే ఉందట.

మా డేటా పుస్తకంలో కొత్తగా ఒక గడి ఉంది. స్కేలు పెట్టి సుధ గీసింది. చుట్లు, తీగ నంబరు, ఇనుము పొడవు రాశాక, ఆ లెక్క కంపెనీదా, ఎవరైనా చుట్టినదా, మనం కట్టి చూసుకున్నదా అని అక్కడ రాయాలి. పాతవాటికి కూడా రాద్దామని ఒక ఆదివారం కూర్చుంది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి, "ఇది ఎవరిది బాబాయ్?" అని అడిగింది. మొదటి రెండు పేజీల్లో నేను చెప్పగలిగినవి తొమ్మిది. మిగతా గడులు ఖాళీగానే ఉంచాం. ఆ మోటార్లు మళ్లీ షాపుకు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ కొలిచి నింపుతున్నాను.