ఆదోని కొండ మీద హాజరు పలికిన గొంతు

దయ్యం, గాలి, సోకు అని ఎవరన్నా మొదలుపెడితే ఆడి నుంచి లేచిపోయే రకం నేను. మా నాయన మంత్రాలయం దగ్గర ఒక చిన్న గుడిలో పూజారి. తాయెత్తు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు గడప దిగినాక లోపలికొచ్చి, "భయమే వీళ్ల జబ్బు, ధైర్యం చెప్పి పంపించినాను" అని నవ్వేవాడు. అట్లాంటి ఇంట్లో పెరిగినదాన్ని. పైగా నాకు నోరు పెద్దది. నన్ను చూసి దయ్యాలే జడుసుకోవాలని మా ఆయన ఎగతాళి చేసేవాడు. కాబట్టి ఇది చదివి, పిరికిది ఏదో భ్రమపడింది అనుకోవద్దండి. ఇది పట్టపగలు జరిగింది. నా పక్కన మనుషులు కూడా ఉండారు.

పంతొమ్మిదివందల ఎనభై దాటిన కొత్త. ఎమ్మిగనూరులో మా ఇంటి వసారాలో సాయంత్రాలు హిందీ చెప్పేదాన్ని. వచ్చేవాళ్లంతా ఆడపిల్లలే, ఎక్కువమంది మగ్గాల ఇండ్ల నుంచి. పరీక్షలకు కట్టేవాళ్లు, పాసయ్యేవాళ్లు. కానీ నోరు తెరిచి హిందీలో మంచినీళ్లు అడగమంటే తలకాయ దించుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అందుకని ఏడాదికొకసారి యాడికన్నా తీసుకుపోయేదాన్ని. బస్సెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా తెలుగు మాట్లాడకూడదు. కోట కనిపిస్తే కోట గురించి, చెరువు కనిపిస్తే చెరువు గురించి హిందీలోనే చెప్పాల. నన్ను అక్కా అనకూడదు, బెహన్‌జీ అనాల.

ఆ ఏడు ఆదోని కొండ అనుకున్నాము. పైన పాత కోట గోడలు, గుండ్ల నడుమ ఒక చెరువు. వానలు బాగా పడినాయి, నీళ్లు నిండుగా ఉండాయి అన్నారు.

నా దగ్గర చదివే పద్మను పంపించమని అడగడానికి నేనే వాళ్లింటికి పోయినాను. తల్లి లేని పిల్ల. వాళ్ల నాయన తిమ్మప్ప మగ్గం గుంతలోనే కూర్చోని అంతా విన్నాడు. విని, "నాకుండేది అదొక్కతే తల్లీ. నీళ్లకాడ జాగర్త" అన్నాడు. నా చేత్తో తీసుకుపోయి నా చేత్తోనే అప్పజెప్తానప్పా అని మాటిచ్చినాను.

మాతో పెద్దమనిషి తోడుండాలని పక్కింటి హనుమంతన్నను పిలుచుకున్నాము. ఆదోనిలో బస్సు దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని కొండెక్కినాము. పిల్లల్లో రజియా అని ఒకతి, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల. మిగతావాళ్ల హిందీని వెక్కిరించడమే దాని పని. పద్మకు అదంటే ప్రాణం, దానికి పద్మ అంటే ప్రాణం. దారి పొడుగునా ఒకటే నవ్వులు. నాకూ ఆ రోజు కడుపు నిండినట్లుండె, ఎందుకంటే తప్పో ఒప్పో పిల్లలు నోరు తెరిచి మాట్లాడినారు.

చెరువు గట్టున చిత్రాన్నం తిన్నాము. ఎండ కొంచెం వాలినాక, ఇంక దిగుదామని అందరినీ ఒక పెద్ద గుండు నీడన నిలబెట్టి పేర్లు పిలిచినాను. ఒక్కొక్కరు "ఉపస్థిత్" అనాల, అంటే హాజరు అని. అందరూ పలికినారు. పద్మ కూడా పలికింది. దాని గొంతు కొంచెం బొంగురు, ఎంతమందిలో ఉన్నా గుర్తుపడతాను.

సరే పదండి అన్నాను. అప్పుడు రజియా, పద్మ లేదు బెహన్‌జీ అనింది.

నీ మొహం, ఇప్పుడే కదా పలికింది అన్నాను. పిల్లలందరూ అవును, మేమూ విన్నాము అన్నారు. రజియా మొహం మాత్రం తెల్లబోయింది. నా పక్కనే పలికింది, తిరిగి చూస్తే లేదు అనింది.

పిల్లలు ఆడుకుంటున్నారనుకొని గట్టిగా మళ్లీ పిలిచినాను. "ఉపస్థిత్, బెహన్‌జీ." రజియా భుజం దగ్గర నుంచే వచ్చింది. ఆడ ఎవ్వరూ లేరు. ఒకరిద్దరు పిల్లలు నవ్వినారు. హనుమంతన్న నవ్వలేదు. చెరువుకు అవతలి పక్కకు చెయ్యి చూపించినాడు.

పద్మ ఆడ ఉండాది. చిలకపచ్చ ఓణీ. నీళ్ల అంచున మా వైపే మొహం పెట్టి నిలబడింది. పాదాలు నీళ్లలో ఉండాయి.

నేను పెట్టిన కట్టడి నేనే మరిచిపోయినాను. "పద్మా! యాడికి పోతాండావే? వెనక్కు రా!" అని తెలుగులో అరిచినాను.

"యాడికీ పోలేదక్కా, ఈడే ఉండాను" అని పద్మ గొంతు నా చెవి పక్కన పలికింది.

అవతల పద్మ పెదవులు కూడా కదిలినాయో లేదో నాకు తెలియదు, అంత దూరం కనిపించదు. కనిపించింది ఒకటే. నేను పిలిచినాను, అది ఒక అడుగు ముందుకు వేసింది. మళ్లీ పిలిచినాను. మళ్లీ ఒక అడుగు. నీళ్లు మోకాళ్లు దాటినాయి.

హనుమంతన్న అప్పటికే పరుగెత్తుతాండాడు. కానీ చెరువు చుట్టూ దారి లేదు, గుండ్లు ఎక్కి దిగాల. నాకు ఈత రాదు. పిల్లలకెవరికీ రాదు. నాకున్నది నోరొక్కటే, దాంతోనే ఇంకా ఇంకా అరుస్తాండాను. రజియా వచ్చి రెండు చేతులతో నా నోరు మూసింది. పిలవద్దు బెహన్‌జీ, మీరు పిలిస్తేనే పోతాంది అనింది.

అప్పుడు తెలిసింది నాకు. చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడ్చే పిల్లలను దగ్గరికి లాక్కొని సైగ చేసినాను, ఎవ్వరూ పలకొద్దని. పద్మ ఆగింది. నడుము లోతు నీళ్లలో, తల కొంచెం వాల్చి, ఎవరో ఏదో చెప్తాంటే వినేదాని మాదిరి నిలబడింది.

మేము గమ్ముగా ఉన్నాము. పక్కన గొంతు మాత్రం గమ్ముగా లేదు.

"పిలువక్కా" అనింది. "ఇంగోసారి పిలువు. ఎందుకు పిలవడం లేదు?"

దేవుడా, ఆ మాట అడిగిన తీరు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉండాది. బెదిరింపు కాదు. వెటకారం కాదు. ఆటలో చేర్చుకోని పిల్ల అడిగినట్లు అడిగింది. నేను చెంగు కొరుకుతా నిలబడినాను. కండ్ల ముందర పిల్ల నీళ్లలో ఉంటే పిలవలేను, పోలేను, ఏమీ చేయలేను. నా జన్మలో అంత చేతకానిదాన్ని ఎప్పుడూ కాలేదు.

హనుమంతన్న నీళ్లలోకి దూకి దాని జబ్బ పట్టుకొని లాగినాడు. రెండడుగుల అవతల కాళ్లకు నేల అందడం లేదని తర్వాత చెప్పినాడు.

ఇవతలికి తెచ్చినాక పద్మకు ఏమీ కాలేదు. తడిసింది, అంతే. మేమంతా ఎందుకు ఏడుస్తాండామో దానికి అర్థం కాలేదు. చేతులు కడుక్కోవడానికి అటు పోయిందంట. "మీరే కదక్కా నీళ్ల నడుమ నిలబడి రమ్మని పిలిచినారు? నేను పలుకుతానే వచ్చినాను" అనింది. నడుమ నిలబడితే నేను మునిగిపోనా పిచ్చిదానా అని తిట్టబోయి, దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

కొండల్లో మాట తిరిగి వినిపిస్తుందని తర్వాత మా ఆయన అన్నాడు. వినిపిస్తుంది, నాకూ తెలుసు. నా మాట నా గొంతుతో వినిపించాల. నేను అననిది ఎట్లా వినిపిస్తుంది? అంతమంది పిల్లలకు ఒకే భ్రమ ఎట్లా కలుగుతుంది? ఎండదెబ్బ అన్నారు కొందరు. మేము నీడలో ఉన్నాము. ఆ చెరువులో ఎవరన్నా పిల్ల పోయిందా అని ఆదోనిలో తెలిసినవాళ్లనంతా అడిగినాను. మాకు తెలిసి ఎవరూ పోలేదు అన్నారు.

పద్మను ఆ సాయంత్రమే తిమ్మప్పకు అప్పజెప్పినాను. కాలు జారి తడిసిందని చెప్పినాను. దానికి ఇప్పుడు మనవరాళ్లుండారు. చల్లగా ఉండాది.

కానీ ఇంటికి వచ్చే ముందర జరిగింది ఒకటి మిగిలింది. దిగేటప్పుడు నేను పేర్లు పిలవలేదు. ఒక్కొక్క పిల్ల తల మీద చెయ్యి పెట్టి చూసుకొని, పద్మ చెయ్యి పట్టుకొని అందరినీ ముందుకు నడిపించినాను. నాలుగు మెట్లు దిగినామో లేదో, వెనక నుంచి మళ్లీ వినిపించింది.

"నేను కూడా పలికినాను కదక్కా. నన్ను ఇడిసిపెట్టి పోతాండారా?"

ఈసారి పద్మ కూడా వినింది. నా చెయ్యి నలిపింది. "అక్కా, ఎవురో పిల్ల ఏడుస్తాంది" అనింది.

నిజమే, ఏడుపే. మా వసారాలో మార్కులు తగ్గినాయని పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చే ఏడుపు నాకు తెలియనిదా? వెనక్కు తిరగలేదు. తిరిగి ఏం చేసేదాన్ని? పిల్లల్ని గబగబా దింపుకొచ్చినాను. సగం కొండ దిగేదాకా ఆ ఏడుపు వినిపిస్తానే ఉండె. అదేమిటో నాకు ఈ రోజుకూ తెలియదు. దయ్యమని అనడానికి నోరు రాదు. ఎవరి బిడ్డో, ఏమో, ఆడనే వదిలేసి వచ్చినాను.