ఊసరవెల్లి కావాలన్న శ్రావణి

మా చిన్నప్పుడు... బంద్ అంటే బడి లేదని మాకు సంబురం. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ వెనక మా గల్లీల షటర్లన్నీ మూసి, బస్సులు లేక రోడ్డంత బోసిపోయి ఉండేది. పెద్దోళ్లు టీవీ ముంగట... నేను, శ్రావణి డాబా మీద.

శ్రావణి వాళ్లు మా ఇంట్ల మీది వాటాల కిరాయికి ఉంటుండె, మేం కింద. వాళ్లది గుంటూరు దిక్కు, మాది నల్లగొండ. ఇద్దరం ఏడో తరగతి, ఒకటే బెంచి.

మాకొక ఆట ఉండె... "నీకొక శక్తి ఇస్తే ఏం కోరుకుంటవ్?" అని. ఉత్తగ కోరుకుంటే చెల్లదు. ఆ శక్తి ఏ జంతువుకున్నదో చెప్పాలె. రెండోవాళ్లు దాని తిప్పలు చెప్పాలె. నేను గద్ద చూపు అడిగితే, "గద్దకి చీకట్లో ఏం కనపడదు, కరెంటు పోతే ఏం చేస్తావే?" అంటది. శ్రావణి గబ్బిలం చెవులు అడిగితే, "తలకిందులు యాలాడాలె, నీ జడలు నేల ఊడుస్తయ్" అని నేను. బల్లికి తోక తెగితే నొప్పి లేస్తదా, లేదా అని ఒకరోజంత కొట్లాడినం.

ఆ రోజు మాత్రం శ్రావణి మస్తుసేపు ఆలోచించి, "ఊసరవెల్లి" అన్నది.

నాకు నవ్వాగలే. "ఛీ, అది తిట్టు గదనే!"

"తిట్టయితే అయింది. ఎక్కడుంటే ఆ రంగులోకి మారిపోతే నన్నెవరూ గుర్తుపట్టరు కదా... బయట నోరు తెరవొద్దన్నారు నాన్న. మాట వింటే ఆంధ్రావాళ్లమని తెలిసిపోద్దంట. విజయవాడలో ఇల్లు చూస్తున్నారు మాకు."

ఇగ నాకు తిప్పలు చెప్పబుద్ధి కాలే. బుగులైంది. అది పోతే నాకెవ్వరున్నరు?

కొన్ని రోజులకు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర వంటావార్పు పెట్టిన్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడనే అందరు కూసొని తినుడు... అప్పటి నిరసన గట్ల గూడ ఉంటుండె. మా నాయనమ్మ అన్నం వండే పెద్ద గంజు పట్టుకొని బయల్దేరింది. నాతోపాటు శ్రావణిని గూడ తోలుకపోతనని వాళ్లమ్మను అడిగింది. "నా చెయ్యి ఇడువది, నువ్వు రంది పెట్టుకోకు బిడ్డా" అన్నది.

పోయినంక శ్రావణి నోరు మెదిపితే ఒట్టు. అన్నం పెట్టినా, పప్పు పోసినా, పచ్చిపులుసు పోసినా తలకాయ ఊపుడే. వడ్డించే ఒకామె జాలిపడి, "అయ్యో, ఈ పిల్లకు మాటలు రావా?" అన్నది. నేను నాయనమ్మ దిక్కు చూసిన. ఏమని చెప్పాలె?

నాయనమ్మే అన్నది... "ఎందుకు రావు? మస్తొస్తయ్. మా మీది వాటాలోళ్ల బిడ్డ. గుంటూరోళ్లు."

బంతిల కూసున్నోళ్లంత మా దిక్కు చూసిన్రు. శ్రావణి చెయ్యి విస్తరిలనే ఆగింది. వడ్డించే ఆమె గంటె పక్కకు పెట్టింది. ఇగ వంగి, "పులుపెక్కువైందా బిడ్డా?" అనడిగింది.

"లేదండీ... బావుంది. ఇంకొంచెం వెయ్యండి" అన్నది శ్రావణి, విస్తరి ముంగటికి జరిపి.

నేనైతే ఇగ శ్రావణి వాళ్లు ఎక్కడికి పోరనే అనుకున్న. ఏం తెలుసు ఆ వయసుల! సాయంత్రం వాళ్ల నాన్న కిందికి దిగొచ్చి, "పిల్లకేమన్నా అయ్యుంటే ఎవరండీ బాధ్యులు?" అని నాయనమ్మ మీద అరిచిండు. ఎన్నడు గొంతు లేపని మనిషి ఆయన. ఆయన భయం ఆయనది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసిన్రు.

సామాను లారీల ఎక్కించినంక శ్రావణి నాయనమ్మ దగ్గరికొచ్చింది. ఎప్పుడు "మామ్మగారూ" అని పిలిచే పిల్ల... ఆ రోజు "పోయొస్త నాయనమ్మా" అన్నది. అచ్చం మా లెక్కనే.

నాయనమ్మ దాని గదువ పట్టుకొని మొఖం పైకి లేపింది. "గట్ల కాదు బిడ్డా... నాకోసం మారకు. నీ తీరుగనే చెప్పు."

శ్రావణి తలకాయ ఊపింది. "వెళ్లొస్తానండీ, మామ్మగారూ..."

అప్పటిదాక ఆపుకున్న నాయనమ్మ అప్పుడు ఏడ్సింది.

ఇప్పుడు మా గల్లీ నిండ అపార్ట్‌మెంట్లు. ఎవరిది ఏ ఊరని ఎవరూ అడుగరు... మంచిదే. కాని మీది అంతస్తుల ఎవరుంటున్నరో గూడ ఎరుక లేదు. శ్రావణి ఎక్కడున్నదో నాకు తెల్వది... మీకు గూడ గట్ల దూరమైన దోస్తు ఉంటే, వాళ్లు మాట్లాడే తీరు యాదికుంటే, ఒక్క మాట వాళ్ల తీరుగనే కింద రాయుర్రి. ఇనబుద్ధైతున్నది.