బోనానికి పేరుకోని పెరుగు

మొయినాబాద్ దగ్గర పశువుల ల్యాబులో నా పని పొద్దున్నే పాల సీసాలతో మొదలవుతుంది. మూత తీయగానే పచ్చి బర్రెపాల వాసన, కాస్త గడ్డి, కాస్త పేడ కలిసి ముక్కుకు తగులుతుంది. అప్పుడు చేతిలో పని ఆగిపోయి, చేవెళ్ల పక్కన మా పాత పెంకుటింట్లో, పొయ్యి వారన బోర్లా పడుకుని అవ్వ తోడు వేయడం చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను.

అవ్వ, అంటే మా నాన్నమ్మ, పాల దగ్గర తొందరపడేది కాదు. బయట ముసురు పట్టి తడిమట్టి వాసన వేస్తుంటే, లోపల జొన్నరొట్టెలు కాలుతుంటే, చల్లారుతున్న పాలల్లో చిటికెనవేలు ముంచి, కళ్లు మూసుకుని, చుక్క మజ్జిగ వేసి, మట్టిముంతను గోనెసంచిలో చుట్టి పెట్టేది. తెల్లారి ముంత వంచినా పెరుగు కదిలేది కాదు. ఆ చేతి తోడు కోసం వాడకట్టంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు, అవ్వకు అదొక గర్వం.

ఆ ఏడు ఆషాఢంలో పోచమ్మ బోనాలకు ముందు మా బర్రె చంద్రికి పొదుగువాపు వచ్చి ఒక చన్ను రాయిలా గట్టిపడింది. మా బాపు, అంటే నాన్న, పశువుల దవాఖానకు పోలేదు. పోయినసారి మిగిలిన సూదిమందు గూట్లో ఉండనే ఉంది. అప్పుడు ప్రతి ఇంటి గూట్లోనూ పసుపు డబ్బా పక్కన అలాంటి సీసా ఒకటి ఉండేది. జ్వరమొచ్చినా అదే సూది, మేత ముట్టకపోయినా అదే సూది. రెండు పూటలు పొడిచి, వాపు తగ్గగానే మానేశాడు. వాచిన చన్ను పాలు నేలమీద పిండేసి, మిగతా మూడింటివి ఇంట్లోకి పంపాడు.

"రోగం ఒక్క చన్నుకే గద, కడమయి మంచిగనే ఉన్నయి" అన్నాడు. మాకూ న్యాయంగానే తోచింది.

బోనాల పొద్దున అవ్వ ముంత మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. అమ్మవారికి పెరుగన్నం కోసం పక్కింట్లో అడిగి తెచ్చారు. డప్పులు, వేపమండలు, పసుపునీళ్ల మధ్య నేను బంతిపూల బుట్టతో గంతులేస్తున్నాను. అవ్వ మాత్రం బోనం ఎత్తుకోలేదు. గడప మీద కూర్చుని కుడిచేతిని చూసుకుంటూ, "నా చెయ్యి మంచిగ లేదు బిడ్డ. అమ్మకు కోపమొచ్చింది" అంది. ఆ తరువాత ఆమె ఎన్నడూ తోడు వేయలేదు. గిన్నెలు కూడా రావడం మానేశాయి. నెల తిరక్కుండా చంద్రికి వాపు మళ్లీ వచ్చింది, ఈసారి ఆ సూది పనిచేయలేదు, ఆ చన్ను ఎండిపోయింది.

సూది ఎక్కడ పొడిచినా మందు రక్తంతో నాలుగు చన్నుల్లోకీ దిగుతుందని, ఆ పాలలో పెరుగు చేసే సూక్ష్మజీవి బతకదని చదువుకున్న రోజు నాకు అవ్వ గుర్తుకే రాలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మొన్న ఆలూరు నుంచి ఒకామె సీసా తెచ్చి, "మా అత్త దిష్టి తీసింది మేడం, అయినా పెరుగు పేరుకుంటలేదు" అన్నప్పుడు గడప మీద చెయ్యి చూసుకుంటున్న అవ్వ కళ్లముందుకొచ్చింది. ఆ పాలు పరీక్షిస్తే పొదుగువాపూ, ఇంట్లో పొడిచిన సూదిమందు జాడా రెండూ తేలాయి. ఏ మందుకు రోగం లొంగుతుందో తేలాకే డాక్టరు సూది రాశాడు. చెప్పిన గడువు దాటేదాకా నాలుగు చన్నుల పాలూ పారబోయమన్నాను.

ఆదివారం ఇంటికి పోయి అవ్వకు అంతా చెప్పాను. ఆమె కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"గంతేనా? ఇన్నేండ్లు ఉత్తగనే భయపడ్డనా?" అంది.

లేచి, కొంగు నడుముకు దోపి, వంటింట్లోకి నడిచింది. చంద్రి సంతతి ఎప్పుడో సంతకు పోయింది. కొట్టం ఉన్నచోట ఎవరిదో ఫాంహౌస్ గోడ లేచింది. ఫ్రిజ్‌లో కొన్న పెరుగు డబ్బా, టీకి పాలపొడి తప్ప ఏమీ లేవు. అవ్వ చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, నావైపు తిరిగింది.

"పాలేవి బిడ్డ?"