పిస్తోలుకు నైవేద్యం

మా తాత పర్శరాములు బల్లి కనబడితే మంచం మీది నుంచి కిందికి దిగడు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే చివరికొచ్చేసరికి మీరు ఆయన్ని ఏదో పెద్ద మొనగాడనుకుంటారు. అలాంటి మనిషి షార్జా ఎడారిలో, సజ్జా దగ్గర, పిస్తోలు దాచిన ట్రంకు పెట్టె మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. నిద్రపోయానని ఆయనంటాడు. అదే గదిలో ఉన్న పోచన్న తాత మాత్రం ఒప్పుకోడు.

"మీ తాత పండుకునుడు యాడిది బిడ్డా. పెట్టెకు చెవి ఆనిచ్చి, అది ఊపిరి తీస్తున్నదా అని ఇనేటోడు" అంటాడు.

ఇద్దరిదీ జగిత్యాల దిక్కు. డెబ్బై ఎనిమిదిలో ఒకే ఏజెంటు చేతిలో పడి, ఒకే విమానం ఎక్కి, ఒకే సిమెంటు ఇటుకల యార్డులో దిగారు. పోచన్న తాత ఇటుకల మిషను నడిపేవాడు. మా తాత యార్డుకు కావలి. ఊరికి దూరంగా రేకుల షెడ్డు, ఇటుకల గుట్టలు, నీళ్ల ట్యాంకరు వచ్చే బాట, మిగిలిందంతా ఇసుక. ఇక్కడ ఇంటి దగ్గర మా ఐలవ్వ అవ్వ సగం తవ్విన బాయి పక్కన కూర్చుని ఉంది. బాయిలో బండ పడింది. ఆ బండ పగిలి నీళ్లు పడాలంటే తాత ఇంకో రెండేళ్లు అక్కడ ఉండాలి. ఆయన బుర్రలో ఆ బండ తప్ప వేరేదానికి చోటు ఉండేది కాదు. ఇప్పటికీ పెద్దగా లేదనుకోండి.

యార్డు యజమాని అబూ రాషిద్. అక్కడ మన వీసా ఎవరి పేరు మీద నడుస్తుందో ఆయన్ని కఫీల్ అంటారు, ఎదురుగా పిలిచేటప్పుడు అర్బాబ్ అంటారు. పిస్తోలు ఆయనదే. దాని కాగితం కూడా ఆయన పేరు మీదే ఉంది. షార్జా ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున, లాంచీలు ఆగే చోట, ఎవరో నావికుడి దగ్గర కొన్నాడు. ఒక మేక ధరకే వచ్చిందని మురిసిపోతూ తెచ్చి చూపించాడు. అమ్మినవాడు కుడి చేతిని శాలువాలోంచి బయటికే తీయలేదట, ఎడమ చేత్తోనే అందించాడట. అర్బాబ్ అది కూడా నవ్వుతూనే చెప్పాడు. మా తాత నవ్వలేదు. ఎడమ చేత్తో ఇస్తే మా ఇంట్లో ఉప్పు కూడా పుచ్చుకోరు.

చిన్న పిస్తోలు. పిడి దగ్గర కూడా చెక్క లేదు, అంతా ఉక్కే. అరచేతిలో ఇమిడిపోయేది, కానీ పట్టుకుంటే తూకపు రాయిలా బరువు. అర్బాబ్ చెయ్యి పెద్దది, చిటికెన వేలు పిడికి అందక గాలిలో వేలాడేది. పక్కన చెక్కిన అక్షరాలు అరబ్బీ కావు, ఇంగ్లీషు కావు. తూటాలు అమ్మే దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది ఎన్నడూ చూడలేదనీ, తూటాలు మాత్రం సరిపోతాయనీ అన్నాడట. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, అంత చవకగా ఎందుకు వదిలేశారో చెప్పేవాళ్లు లేరు.

అర్బాబ్ తల్లి దాన్ని చూసి, ఇది ఇంట్లో ఉంటే నేను ఉండనని మూట కట్టుకుంది. అందుకని అది మా తాత ట్రంకులోకి వచ్చింది.

"పర్శా, నీ దగ్గర పెట్టుకో. ఎవరికీ చూపించకు. ఇంకొకడి చెయ్యి దీని మీద పడిందని తెలిస్తే ఖలాస్, విమానం ఎక్కిస్తా" అన్నాడు అర్బాబ్. మూడు భాషల మాటలు కలిపి మాట్లాడేవాడు, కానీ ఖలాస్ అన్న మాట ఏ భాషవాడికైనా తెలుస్తుంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక అర్బాబ్ బండి వచ్చేది. తాత గుడ్డలో చుట్టిన పిస్తోలు తెచ్చి ఇచ్చి, యార్డు వెనక ఇసుక తిన్నె ముందు పాలపొడి డబ్బాలు నిలబెట్టి పక్కకు తప్పుకునేవాడు. అర్బాబ్ దాన్ని రకరకాలుగా పరీక్ష పెట్టేవాడు. దగ్గరి నుంచి, దూరం నుంచి, ఇసుక బస్తా మీద, పగిలిన ఇటుక మీద. ఒక్కోసారి కాల్చిన తూటా గుల్ల బయటికి రాకుండా పైభాగంలో ఇరుక్కునేది. అప్పుడాయన దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేలితో పొడిచి, తిట్టి, మళ్లీ కాల్చేవాడు. ఆ కాసేపు మా తాత ఊపిరి బిగబట్టేవాడు. వారం వారం దాని చప్పుడు కొంచెం మారుతోందని ఆయనకు అనుమానం. మొదట్లో టప్ మనేది, తర్వాత్తర్వాత పళ్లు కొరికినట్టు అంటోందని చెప్పేవాడు. పోచన్న తాతనడిగితే, "నాకు మిషను మోతల చెవులు పోయినయి, నాకేం తెలుసు" అంటాడు.

అలా దసరా వచ్చింది. అదే నెలలో తాత వీసా అయిపోవాలి. పాస్‌పోర్టు అర్బాబ్ దగ్గరే ఉంది. ముద్ర పడితే బాయిలో నీళ్లు, పడకపోతే ఖాళీ చేతులతో ఇంటికి.

యార్డు వెనక ఒక్కటే చెట్టు. అరబ్బులు ఘాఫ్ అంటారు. పోచన్న తాత ఆ ఆకు నలిపి వాసన చూసి, ముళ్లు తడిమి, "అన్నా, ఇది మన జమ్మి" అన్నాడు. నిజంగానే జమ్మి. ఆ ఎండలో, ఆ ఇసుకలో మన జమ్మి నిలబడి ఉందంటే ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయట. పొద్దు గూకకముందే పని ముగించి తాపీలు, పానాలు, గడ్డపార, ఇటుకల అచ్చులు కడిగి ఆ చెట్టు కింద పేర్చారు.

పోచన్న తాతకు అక్కడితో ఆగే బుద్ధి ఉంటే ఈ కథే లేదు.

"జమ్మి కింద పానాలు పెట్టి మొక్కుదమా పర్శన్నా? పాండవులు నవ్వుతరు."

"నీకు ఎదురొచ్చి నవ్విన్రా?"

"అసలు ఆయుధం నీ పెట్టెల పెట్టుకొని, పానాలకు బొట్టు పెడుతున్నవు."

"ఊకో. అది అర్బాబ్‌ది."

"ఈ అచ్చులు నీ అయ్యవా? ఇవి గూడ అర్బాబ్‌వే. వీటి బొట్టు తుడిచెయ్యి మరి."

మా తాతను వాదనలో గెలవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వెళ్లి తెచ్చాడు.

మా దిక్కు కొన్ని ఇళ్లలో ఒక పద్ధతుంది. పండుగనాడు పనిముట్టుకు పసుపు కుంకుమ పెట్టి ఊరుకోరు, తినిపిస్తారు. గొడ్డలి అంచుకు, నాగలి కర్రుకు, నోరు అనుకున్న చోట చిటికెడు బెల్లం అద్దుతారు. ఏడాదంతా అది మన చెయ్యి కొరకకుండా నోరు తీపి చెయ్యడమన్నమాట. యార్డులో బెల్లం లేదు. ఖర్జూరాలున్నాయి. తాత ఒక మెత్తటి ఖర్జూరం గింజ తీసి, పిసికి, పెద్దవాడు కాబట్టి తన చేత్తోనే అన్నిటికీ అద్దుకుంటూ వచ్చాడు. తాపీకి అంచు మీద, పానాకు దవడ మీద. పిస్తోలు దగ్గరకొచ్చేసరికి, నోరెక్కడని వెతుక్కునే పనే లేదు. గుండ్రంగా తెరుచుకుని ఎదురు చూస్తోంది. మిగిలిన ముద్దంతా అందులో పెట్టి బొటనవేలితో లోపలికి నొక్కాడు.

"తిననీ, పాపం. పరాయి దేశం నుంచి వచ్చింది మనలెక్కనే" అన్నాడట.

అప్పుడే బాట మీద ట్యాంకరు హారను. ఎవరైనా చూస్తారని తాత గాభరాగా పిస్తోలు మీది బొట్టును లుంగీతో తుడిచి, గుడ్డలో చుట్టి, పరుగెత్తి ట్రంకులో పడేశాడు. పైన తుడిచాడు. లోపలిది లోపలే ఉంది. రేకుల గదిలో, ఆ ఎండకు, నాలుగు రోజులు.

శుక్రవారం అర్బాబ్ ఒక్కడే రాలేదు. బావమరిదిని వెంట తెచ్చాడు. సన్నగా, తెల్లటి బట్టల్లో, చేతిలో తస్బీ పూసలు జపమాలలా తిప్పుకుంటూ ఉండే మనిషి. మేక ధరకు కొన్నదాని ప్రతాపం చూపిస్తానని అర్బాబ్ దారి పొడవునా చెప్పినట్టున్నాడు, బండి దిగుతూనే "యల్లా పర్శా" అన్నాడు. తాత గుడ్డ మూట తెచ్చి చేతికిచ్చి, డబ్బాలు పట్టుకుని తిన్నె దగ్గరకు నడిచాడు.

ఒక డబ్బా నిలబెట్టాడు. రెండోది నిలబెడుతుంటే మణికట్టు మీద చురుక్కుమంది. చూస్తే సన్న ఎర్రచీమ. దాని వెనక ఇంకొకటి. ఇంకా రెండు మోచేయి మీద. ఆ గుడ్డ మూట మోసిన చెయ్యి అది.

తాతకు ఖర్జూరం అప్పుడు గుర్తుకొచ్చింది.

వెనక పిస్తోలు పైభాగం లాగి వదిలిన చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి అర్బాబ్ చెయ్యి చాచి ఉన్నాడు. గురి చూస్తూ మొహాన్ని ఆ చేతి వెనకే పెట్టాడు. బావమరిది ఆయన భుజం దగ్గర నిలబడి ఉన్నాడు.

"హట్ జా, పర్శా" అన్నాడు అర్బాబ్.

తప్పుకోవచ్చు. తప్పుకుంటే, ముద్ద అదే ఎగిరిపోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియకపోవచ్చు. లేదా గొట్టం పగిలి ఆ చెయ్యి పోవచ్చు. నోరు విప్పితే పిస్తోలును బయటికి తీసిన సంగతీ, జమ్మి చెట్టూ, బొట్టూ అన్నీ విప్పాలి. పాస్‌పోర్టు ఆయన జేబులోనే ఉందేమో. మా తాత ఇవన్నీ ఆలోచించానంటాడు. నాకు నమ్మకం లేదు. ఆయన కూరలో ఉప్పు వెయ్యాలా వద్దా అని ఆలోచించడానికే పూట పడుతుంది. నేననుకోవడం, కాళ్లు కదలక నిలబడిపోయి ఉంటాడు. ఇటుకల గుట్ట చాటు నుంచి చూసిన పోచన్న తాత మాత్రం ఈ ఒక్క చోట నన్ను గదమాయిస్తాడు.

"నడిచిండు. గొట్టానికి ఎదురు నడిచిండు మీ తాత. నవ్వకు."

నడుస్తూ, "అర్బాబ్, మారో మత్" అన్నాడట. అర్బాబ్ వేలు మీట మీదే ఉంది. ఎండకు పిచ్చి పట్టిందనుకుని బావమరిది వెనక్కి జరిగాడు. తాత దగ్గరికొచ్చి, పిస్తోలు మూతి తన రొమ్ముకు జానెడు దూరంలో ఉండగా, "అందులో ఖజూర్ ఉంది" అన్నాడు.

పిస్తోలు మెల్లగా కిందికి దిగింది.

అర్బాబ్ తూటాలు తీసేశాడు. ఇటుకల కట్టలకు చుట్టే సన్న తీగ ముక్క తెప్పించి గొట్టంలో పెట్టి కెలికాడు. మొదట రాలేదు. గట్టిగా పొడిస్తే, తోలులా గట్టిపడిన నల్లటి ముద్ద చీమలతో సహా ఊడి ఇసుకలో పడింది.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఇంకెవరు చూశారు?"

"నేను తప్ప ఎవ్వరూ లేరు అర్బాబ్."

ఇటుకల గుట్ట వెనక పోచన్న తాత కూర్చుండిపోయాడు.

"ఎందుకు పెట్టావు?"

తాత తనకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాడు. పండుగ, పనిముట్టు, నోరు తీపి, చెయ్యి కొరకకుండా.

"నా తుపాకికి మీ దేవుడి పూజ చేశావా?"

"దేవుడిది కాదు అర్బాబ్. తుపాకిదే."

బావమరిది నవ్వేశాడు. "నీ చెయ్యి కాపాడాడు, వదిలెయ్" అన్నాడు. అర్బాబ్ నవ్వలేదు. ఆయన తాతను చూడడం లేదు, పిస్తోలును చూస్తున్నాడు. గొట్టంలోకి ఒక కన్నుతో చూశాడు. పైభాగాన్ని అటూ ఇటూ కదిపాడు. అది కొంచెం వదులుగా ఊగింది. ఇన్నాళ్లూ ఊగలేదో, ఆయన చూడలేదో. మొదటిసారి ఆయన మొహంలో భయం కనబడింది. బావమరిది ముందు ఆ భయం దాచుకోవడానికి ఆయన తూటాలు మళ్లీ ఎక్కించాడు.

"శుభ్రమైందా?"

"అయింది అర్బాబ్."

"అయితే నువ్వే కాల్చు."

మా తాత అంతకుముందు జీవితంలో దీపావళి టపాకాయ కూడా వెలిగించలేదు. పిడి ఆయన చేతికి సరిగ్గా సరిపోయింది, ఆయన కోసమే చేసినట్టు. చెయ్యి చాచి, కళ్లు మూసుకుని మీట లాగాడు. మోత. మణికట్టు గుంజింది. కళ్లు తెరిచి ముందు వేళ్లు చూసుకున్నాడు. ఉన్నాయి. డబ్బాలు కూడా నిలబడే ఉన్నాయి.

అర్బాబ్ పిస్తోలు తీసుకుని, ఆ తర్వాత తాను కాల్చాడు.

ఆ వారంలోనే పాస్‌పోర్టు వచ్చింది, రెండేళ్ల ముద్రతో. పోచన్న తాత దాన్ని కళ్లకద్దుకున్నాడు. గండం గడిచిందనుకున్నారు ఇద్దరూ. తాత అవ్వకు జాబు రాయించాడు, బండ పేల్చేవాడితో మాట్లాడి పెట్టమని.

శుక్రవారం బండి వచ్చింది, బావమరిదితో సహా. తాత గుడ్డ మూట తెచ్చి ఇచ్చి, డబ్బాలు నిలబెట్టి, ఎప్పటిలాగే పక్కకు తప్పుకున్నాడు. అర్బాబ్ తూటాలు ఎక్కించి, పైభాగం లాగి వదిలాడు. అది చప్పుడు చేస్తూ సగంలో ఆగి, మళ్లీ కదిలింది. ఆయన ఒక క్షణం చూశాడు. తర్వాత దాన్ని తిప్పి, పిడి వైపు నుంచి తాతకు అందించాడు.

"మొదటిది నీది. ఇక ఎప్పుడూ మొదటిది నీదే" అన్నాడు, మామూలుగా, టీ పెట్టమని చెప్పినట్టు.

తాత చెయ్యి లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. అర్బాబూ బావమరిదీ వెనక్కి నడిచారు. పోయిన వారం నిలబడ్డ చోటు దాటారు, ఇంకా వెనక్కి పోయి బండి చాటుకు చేరారు. ఇటుకల మిషను ఆగి ఉంది, గాలి కూడా లేదు. తాత మొహం ఒక పక్కకు తిప్పుకుని, ఆ చెయ్యి తనది కాదన్నట్టు వీలైనంత దూరంగా చాచాడు.