మూగ బొమ్మకు నేను చెప్పిన మాట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కానీ పందొమ్మిది వందల యాభైల చివర్లో, దేవరకొండ దగ్గరి ఒక నేత ఊళ్లో నా నోటి నుంచి వచ్చిన మాటలను మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పట్లో ఊరూరా పాత మూగ సినిమాలు, జనం మాటల్లో మూగ బొమ్మలు, ఆడించే ఒకాయన వెంట తిరిగేవాణ్ణి. తెర పక్కన నిలబడి కథ చెప్పడం నా పని.

ఆ ఊళ్లో కూలి పెంచమని నేతగాళ్లు మగ్గాలు ఆపేశారు. వాళ్లను ముందుండి నడిపిన మల్లేశం ఆర్నెల్లుగా కనిపించడం లేదు. షోలాపురం మిల్లులకు పారిపోయాడని, నూలు ఇచ్చి బట్ట తీసుకునే సావుకారి అందరికీ చెప్పాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. జనాన్ని మంచి చేసుకోవడానికి సావుకారి తన గోదాములో మాతో పగటి ఆట వేయించాడు.

మా దగ్గర రెండు సినిమాలుండేవి. రెండింటిలోనూ మిల్లు యజమాని కొడుకు కూలి పిల్లను ప్రేమిస్తాడు, సమ్మె జరుగుతుంది. మొదటిదాంట్లో వాళ్ల పెళ్లితో సమ్మె ముగుస్తుంది. రెండోదాంట్లో పిల్ల అన్నను యజమాని చంపిస్తాడు, ఆమె ప్రేమించినవాణ్ణే కాదని వెళ్లిపోతుంది. మొదటిది చూసి జనం కళ్లు తుడుచుకునేవారు. రెండోది చూసి తలలు వంచుకుని ఇళ్లకు పోయేవారు.

సావుకారి మొదటిదే వేయమన్నాడు. అది అయ్యాక మల్లేశం భార్య లచ్చమ్మ లేచి నిలబడింది.

"రెండోది గూడ ఎయ్యిండ్రి."

అందరూ అదే మాటన్నారు. సావుకారి కాదనలేకపోయాడు.

అన్న చనిపోయే ఘట్టం వచ్చింది. అక్కడ నేనెప్పుడూ ఏమీ చెప్పను. ఆ రోజు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"సావుకారీ, గడ్డపారతోని కొట్టి నన్ను పాత బాయిల ఏసినవు. పైన రాళ్లు నింపినవు."

ఆ గొంతు నాది కాదు. సావుకారి తలుపు వైపు ఉరికాడు. లచ్చమ్మ అప్పటికే అక్కడ అడ్డంగా నిలబడి ఉంది.

"కూసో. బొమ్మ ఇంక అయిపోలే."

ఆయన కూర్చున్నాడు. సినిమా అయిపోయేదాకా ఆమె తెర వైపు చూడలేదు, ఆయననే చూసింది.

మరునాడు ఊరివాళ్లు ఊరి పాత బావిలో రాళ్లు తీస్తే ఎముకలు, మల్లేశం వెండి మొలతాడు దొరికాయి. పోలీసులు సావుకారిని తీసుకుపోతుంటే లచ్చమ్మ ఎదురెళ్లింది.

"నా లెక్క నీ పెండ్లాం గూడ నీ కోసం తొవ్వ సూడాలె. ఆర్నెల్లు కాదు, బతికినన్ని దినాలు."

నేను ఆమె దగ్గరికి వెళ్లి, నాకేమీ తెలియదని చెప్పాను.

"నీకెట్ల తెలుస్తది తమ్మీ? గా గొంతు మా ఆయనది" అంది.

మల్లేశాన్ని నేనెన్నడూ చూడలేదు. అంతకుముందు ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. ఆ బావి సంగతి నా నోటికి ఎలా వచ్చిందో ఇన్నేళ్లయినా తెలియలేదు.