డాబా మీద నీటి కేంద్రం

నా పీహెచ్‌డీ సగంలో ఉండగా మా ల్యాబు పైకప్పు పెచ్చులూడి పడటం మొదలైంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ భవనం మొత్తానికి తాళాలు వేసేశారు. నేను అక్కడ కట్టుకున్న చిన్న నీటి సరఫరా నమూనా అంతా ప్లాస్టిక్ పట్టాల కింద ఉండిపోయింది. పరిశోధనకు నిధులిస్తున్న రక్షణ విభాగం వాళ్ళు ఆ ఎండాకాలంలోనే వచ్చి దాన్ని పరీక్షించాలి. గైడు గారు ఫోన్ చేసి, పరీక్ష వాయిదా అడుగుదామా అన్నారు.

"వద్దు సార్. మా ఇంటి డాబా మీద మళ్ళీ కట్టేస్తాను," అన్నాను.

ఆయన నమ్మలేనట్టు అడిగారు. "యానాంలోనా?"

"యానాంలోనే సార్."

నా పనేమిటో ఇక్కడ చెప్పాలి. సైనిక స్థావరానికైనా పెద్ద ఊరికైనా నీళ్ళూ కరెంటూ అందించే వ్యవస్థలు ఇప్పుడు కంప్యూటర్ల మీద నడుస్తున్నాయి. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో, మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్లు చెబుతుంటే, గదిలో కూర్చున్న ఆపరేటరు తెర మీద చూసుకుంటాడు. శత్రువు ఆ సమాచారం వచ్చే దారిలోకి దూరితే ట్యాంకును పగలగొట్టక్కర్లేదు. ఖాళీ అవుతున్న ట్యాంకు నిండుగా ఉందని తెర మీద చూపిస్తే చాలు. ఆ అబద్ధాన్ని పట్టుకునే ప్రోగ్రాము రాయడమే నా పరిశోధన. నీళ్ళు ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరగాలి, మోటారు తిరిగితే గొట్టంలో ఒత్తిడి మారాలి. సెన్సర్లు చెప్పే మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోతే అలారం మోగాలి.

ఎం.టెక్ అవగానే వచ్చిన మంచి ఉద్యోగం వదులుకుని ఇందులో చేరాను. అప్పుడు నాన్న "నీ ఇష్టం అమ్మా" అన్నారు, అంతే. ఆయనకు దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువులున్నాయి. నేను పుట్టకముందే పక్క పల్లె నుంచి యానాం వచ్చి, ఫరంపేటలో ఇల్లు కట్టుకుని, ఆ చెరువుల మీదే మమ్మల్ని పెంచారు. నా చదువు గురించి ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. అడిగే ధైర్యం కూడా చేయలేదు.

నేను డాబా సంగతి చెప్పిన మర్నాడే ఆయన ట్రాలీ ఆటోలో చెరువు దగ్గరి నీలం డ్రమ్ములు వేయించుకొచ్చారు. ఒకటి పైకి ఎక్కించాం, ఇంకోటి పెరట్లో చాకిరేవు బండ పక్కన పెట్టాం. రెంటికీ మధ్య గొట్టాలు, చిన్న మోటార్లు బిగించాం. గొట్టంలో చెత్త చేరితే నీళ్ళు వదిలేయడానికి పెరట్లో ఒక కుళాయి పెట్టాం. కంట్రోలర్లు గైడు గారు పార్సిల్లో పంపారు. వాటిని ఎండ తగలకుండా మెట్ల గదిలో పెట్టాను. అమ్మకు మాత్రం ఇదంతా మింగుడు పడలేదు.

"నా ఒడియాలెక్కడ ఆరబెట్టుకోనే? ఎండలన్నీ నీ డ్రమ్ములకే సరిపోతున్నాయి."

"ఈ ఏడాదికి కొనుక్కుందాంలే," అన్నారు నాన్న గొట్టానికి టేపు చుడుతూ. కొన్న ఒడియాలు మా ఇంట్లోకి రావడమంటే ఎంత పెద్ద మాటో అమ్మకూ నాకూ తెలుసు.

పరీక్ష రోజున పొద్దున్నే సైన్యం జీపు మా వీధిలోకి వచ్చింది. యూనిఫాంలో ఉన్న అధికారిణి దిగారు. ఆవిడ అనంతపురం వైపు మనిషి. వెనకాలే ల్యాప్‌టాప్ సంచీతో ఓ కుర్ర ఇంజనీరు. ఆవిడ తీర్పు చెబుతారు, అతను దాడి చేస్తాడు. నా నమూనాని అతను మోసగించాలి, నా ప్రోగ్రాము అతన్ని పట్టుకోవాలి.

జీపు ఆగీ ఆగకముందే ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గరకు వచ్చేశారు. "ఏటైందండీ? మిలట్రీవోళ్ళు వచ్చేరేంటి?" అని నాన్నను అడిగారు.

"ఆయ్, మా అమ్మాయి చదువు చూడ్డానికొచ్చేరండీ," అన్నారు నాన్న. ఆ మాట వీధి చివరిదాకా వినబడేలా అన్నారు.

ఇంజనీరు హాల్లో కూర్చున్నాడు. మేడమ్ గారూ నేనూ మెట్ల గదిలో తెర ముందు కూర్చున్నాం. గోదావరి మీంచి గాలి వీస్తోంది గానీ నాకు చెమటలు పడుతూనే ఉన్నాయి. కాసేపు అన్నీ సజావుగా నడిచాయి. ఉన్నట్టుండి అలారం మోగింది.

"పట్టేశాను మేడమ్!" అన్నాను లేచి నిలబడి.

ఆవిడ మెట్ల మీంచి కిందికి వంగి, "మొదలుపెట్టావా?" అని అడిగారు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇంజనీరు బయటికొచ్చాడు. "లేదు మేడమ్, నేనింకా సిస్టం తెరవనే లేదు."

ఈ రంగంలో దొంగను వదిలేయడం ఎంత తప్పో, దొంగ లేకుండా కేకలు వేయడమూ అంతే తప్పు. ఉత్తుత్తినే మోగే అలారాన్ని ఆపరేటర్లు రెండోసారికి కట్టేస్తారు. ఇక నిజంగా దాడి జరిగినప్పుడు ఎవరికీ వినబడదు. మేడమ్ గారు ఏదో రాసుకున్నారు.

"ఒక్క నిమిషం మేడమ్. ఇది ఊరికే మోగదు. పై డ్రమ్ములోంచి వెళ్ళిన నీళ్ళు కింది డ్రమ్ములోకి చేరలేదంటోంది," అన్నాను.

"సెన్సరు పాడైందేమో?"

"పాడైతే ఒక్క సెన్సరే తేడా చెప్పాలి. మిగతావన్నీ ఈ లెక్కనే ఒప్పుకుంటున్నాయి. నీళ్ళు నిజంగానే ఎటో పోతున్నాయి."

నా గొంతులో అంత గట్టితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. మెట్లు దిగి పెరట్లోకి పరిగెత్తాను, వెనకాల వాళ్ళిద్దరూ వచ్చారు. బండ దగ్గర అమ్మ పండుగప్ప చేపను కడుగుతోంది. పక్కనే మా గొట్టం కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది.

"అమ్మా! ఆ కుళాయి ఎందుకు తిప్పేవే?"

అమ్మ తెల్లబోయింది. "పంపు రాలేదే ఇయ్యాల. వచ్చినోళ్ళకి అన్నం పెట్టొద్దా? ఇందులో నీళ్ళొత్తున్నాయి కదా అని పట్టేను. ఏం, ముట్టుకోకూడదా?"

మేడమ్ గారు అమ్మనూ బకెట్టునూ చూసి, తల వెనక్కి వాల్చి నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. అమ్మ చేయి కడుక్కుని కొంగు సర్దుకుంటూ, "తప్పయిపోయిందమ్మా," అంది.

"తప్పేం లేదండీ. మీరు చేసిన పరీక్ష మా లిస్టులో లేదు. ఒక బకెట్టు నీళ్ళు పోతే పట్టుకుంది మీ అమ్మాయి మెషీను," అన్నారావిడ. ఇందాక రాసుకున్నది కొట్టేసి, దాని కింద ఏదో రాశారు. పెరట్లోంచి మెట్లెక్కుతుంటే నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

తర్వాత అసలు దాడి. ఇంజనీరు ముందు కొంతసేపు మా సెన్సర్ల మాటలన్నీ రికార్డు చేసుకున్నాడు. తర్వాత పాత రికార్డునే తెరకు పంపిస్తూ, పై డ్రమ్మును ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. తెర మీద నీటి మట్టం చక్కగా ఉంది. బయట డ్రమ్ములో నీళ్ళు తగ్గిపోతున్నాయి. అయితే నా ప్రోగ్రాము మోటారు వేగంలో ఒక వరుస లేకుండా అతి చిన్న మార్పులు చేస్తుంటుంది. అవెప్పుడు వస్తాయో నా ప్రోగ్రాముకు తప్ప ఎవరికీ తెలియదు. పాత రికార్డులో కొత్త మార్పుల జాడ ఉండదు కదా. డ్రమ్ము పావు వంతు కూడా తగ్గకముందే అలారం మోగింది.

"ఈసారి నేనే," అంటూ హాల్లోంచి చేయెత్తాడతను.

భోజనాలయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాను. పండుగప్ప ఇగురు రెండోసారి వడ్డించుకుంటూ, "ఇంకొక్కటి ప్రయత్నిస్తా," అన్నాడు ఇంజనీరు. ఆ ఒక్కటీ నన్ను ఓడించింది. ఈసారి అతను తొందరపడలేదు. నా చిన్న మార్పుల్ని అలాగే కనబడనిచ్చి, సెన్సర్లన్నిటితోనూ కొంచెం కొంచెంగా, ఒకే అబద్ధాన్ని కలిసి చెప్పించాడు. అన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి గనక నా ప్రోగ్రాము నమ్మింది. సాయంత్రానికి పై డ్రమ్ము అడుగు కనబడింది. అలారం మోగలేదు.

మేడమ్ గారు నా వైపు తిరిగారు. "ఎందుకు పట్టుకోలేకపోయిందో చెప్పగలవా?"

చెప్పాను. ఎక్కడ మోసపోయానో, ఎందుకు మోసపోయానో, దాచకుండా చెప్పాను. ఆవిడ పూర్తిగా విన్నారు. "సరే. బాగు చేసి పిలువు, మళ్ళీ వస్తాం," అన్నారు. జీపెక్కబోతూ ఆగి, "నీ వయసులో నా తప్పును ఇంత సూటిగా చెప్పడం నాకు వచ్చేది కాదమ్మా," అన్నారు.

ఆ తర్వాత చాలా రోజులు సాయంత్రాలు గోదావరి గట్టున నడుస్తూ అదే ఆలోచన. సెన్సర్ల మాటలన్నీ ఒకే దారిలో వస్తున్నాయి, అందుకే అన్నిటినీ ఒకడే మోసగించగలిగాడు. ఆ దారిలోకి రాని సాక్షి ఒకటి కావాలి. మోటారు ఎన్ని నీళ్ళు తోడితే అంత కరెంటు తాగుతుంది. ఆ కరెంటును విడిగా, నెట్‌వర్కుతో సంబంధం లేని తీగ మీద కొలిస్తే? మోటార్లకు వేరే మీటర్లు కట్టాను. చిన్న చిన్న తేడాలను వదిలేయకుండా పోగుచేసి చూసేలా ప్రోగ్రాము తిరగరాశాను. వానలు మొదలయ్యేలోగా, డాబా మీద ఎండకు టార్పాలిన్ కట్టుకుని, ఆ పని ముగించాను.

వాళ్ళు అన్నట్టే మళ్ళీ వచ్చారు. ఇంజనీరు అదే దాడి అంతే ఓపికగా చేశాడు. నీటి మట్టం నాలుగు వేళ్ళు తగ్గిందో లేదో, అలారం మోగింది. అతను మెట్లెక్కి వచ్చి నాకు చేయిచ్చాడు. మేడమ్ గారు నా భుజం మీద తట్టారు. నాకు అదే కావలసింది.

ఆ తర్వాతి సంవత్సరం నా పద్ధతిని ఒక సైనిక స్థావరంలోని నీటి సరఫరా కేంద్రంలో ప్రయోగాత్మకంగా పెట్టారు. బిగించేటప్పుడు నన్ను పిలిచారు. నా డ్రమ్ముల స్థానంలో అక్కడ మేడంత ట్యాంకులు, మనిషెత్తు మోటార్లు. స్విచ్చు వేసి, మొదటి లెక్కలు తెర మీద వరుసగా వచ్చి ఒకదానితో ఒకటి సరిపోతుంటే, ఒక్కొక్క అంకెనూ పైకి చదువుతూ నిలబడ్డాను. అక్కడి వాళ్ళు నీళ్ళు తాగుతారు, వంటలు చేసుకుంటారు, పహరా కాస్తారు. ఆ నీళ్ళకు కాపలా ఉన్నవాటిలో మా డాబా మీద పుట్టింది కూడా ఒకటి. థీసిస్ ఒప్పుకున్నారని కబురు వచ్చిన రోజున కూడా నేనంత పొంగిపోలేదు.

ఇంటికి రాగానే నాన్న అడిగారు. "ఎక్కడెట్టేరమ్మా?"

"చెప్పకూడదు నాన్నా. సంతకం పెట్టాను."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

ఆయన ముఖం చూసి, నొచ్చుకున్నారేమోనని బాధపడ్డాను. రెండ్రోజుల తర్వాత అగ్రహారంలో బంధువుల ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాం. నేను ఆడవాళ్ళ పంక్తిలో కూర్చుని తింటున్నాను. వెనకవైపు నుంచి నాన్న గొంతు వినబడింది. ఎవరో నా చదువు ఏమైందని అడిగినట్టున్నారు.

"అయిపోయిందండీ, డాక్టరేటు వచ్చింది. మా అమ్మాయి చేసింది మిలట్రీ వోళ్ళు ఎట్టుకున్నారు."

"ఎక్కడండీ?"

"ఆయ్, అదే కదండీ! ఎక్కడెట్టేరో కన్నతండ్రిని, నాక్కూడా చెప్పదండీ!" అన్నారాయన. ఆ మాట ఆ పూట పంక్తి పంక్తికీ తిరిగి ఎంతమందికి చెప్పారో, ప్రతిసారీ అంతే గట్టిగా, అంతే సంబరంగా చెప్పారు.