రేపల్లెలో చూసిన బండి

మా ఆయన వెన్నుపూసకి ఆపరేషన్ అయ్యాక ఇక స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. తెనాలిలో మాది చిన్న టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు మోయడానికి బండి లేకపోతే మాకు రోజు గడవదు. లైసెన్సు తీసుకుని రెండేళ్ళు నేనే నడిపాను. ఆ బండి ఇంజను కాస్తా పట్టేసింది. కొత్తది కొనలేం. పాతదే అయినా దారిలో ఆగిపోనిది కావాలి.

చూసే పని మా బావగారు మీద వేసుకున్నారు. మా ఆయనకి అన్నగారు, ఇరవయ్యేళ్ళు లారీ నడిపిన మనిషి. బళ్ళ విషయంలో ఆయన మాటకి మా ఇంట్లో ఎదురు లేదు. రేపల్లెలో తెలిసినాయన పికప్ ఒకటి అమ్ముతున్నాడని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు.

కొత్త రంగుతో బండి తళతళలాడుతోంది.

"ఏం మోసేవారండీ?" అనడిగాను.

ఓనరు బావగారి వైపు తిరిగి జవాబిచ్చాడు. "రొయ్యల ట్రేలండి. ఎప్పుడో."

వంగి, వెనక సరుకు పెట్టే తొట్టి కింద చెయ్యి పెట్టాను. తుప్పు పెచ్చులు పెచ్చులుగా చేతికొచ్చింది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు కారినట్టున్నాయి. బావగారికి చూపించాను.

"పాత బండన్నాక ఆ మాత్రం ఉండదా అమ్మా?" అన్నారు.

బాపట్లలో మెకానిక్‌కి చూపిద్దామని బయల్దేరాం. ఓనరు స్టీరింగ్ దగ్గర, బావగారు తలుపు దగ్గర, మధ్యలో నేను. బావగారికి నా భుజం తగలకూడదు. గేరు మార్చినప్పుడల్లా ఓనరు చెయ్యి నా మోకాలికి తగలకూడదు. కొంగు బిగించి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నా. వాళ్ళిద్దరూ నా మీదుగా మాట్లాడుకుంటున్నారు. ఉక్కపోతకి ఊపిరాడకపోయినా అద్దం దించమనడానికి నోరు రాలేదు. మూడో గేరులో ఉన్నంతసేపూ రాడ్డు వణికిపోతూ నా మోకాలిని పొడుస్తోంది. మిగతా గేర్లలో అలా లేదు.

పిట్టలవానిపాలెం దగ్గర బావగారు, "ఇంక ఖాయం చేసేసుకుందాం లెండి," అన్నారు. మెకానిక్ ఇంకా చూడనే లేదు.

"నేనోసారి నడుపుతానండి," అన్నాను.

ఓనరు నవ్వుతూ బండి ఆపి దిగాడు. బావగారు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ వద్దనలేదు కాబట్టి స్టీరింగ్ దగ్గరికి జరిగాను. ఓనరు చుట్టూ తిరిగొచ్చి బావగారి పక్కన ఎక్కాడు. కాలవ వంతెన దిగేటప్పుడు మూడో గేరు టక్కున ఊడి న్యూట్రల్‌కి వచ్చేసింది. బ్రేకు మీద కాలు పెట్టి పక్కకి ఆపాను.

"గేర్‌బాక్సు విప్పిస్తే సరిపోద్ది. నేను మాటిచ్చేశాను," అన్నారు బావగారు.

"మీకు తెలియంది కాదు బావగారూ. లోడుతో రోజూ నడిపేది నేను. నాకొద్దండి."

ఓనరు మమ్మల్ని బాపట్ల స్టేషన్లో దింపేశాడు. రైల్లో బావగారు వేరే పెట్టె ఎక్కారు. ఇంటికొచ్చేసరికే మా ఆయనకి ఫోనెళ్ళింది. "పరాయివాడి ముందు అన్నయ్య మాట కాదంటావా?" అన్నాడు. ఆ బండెక్కితే నాకేమవుతుందో అడగలేదు.

నెల తిరక్కుండా చేబ్రోలులో అరటిగెలలు మోసే బండి దొరికింది. రంగు వెలిసింది, సీటు చిరిగింది. కానీ కింద ఇనుము గట్టిగా ఉంది. ఓనరు పెద్దాయన రిపేరు చీటీలన్నీ దాచిపెట్టాడు. నాలుగు గేర్లలోనూ నడిపి చూసుకుని తీసుకున్నాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

బావగారు ఆ బండి చూడ్డానికి రాలేదు. లోడుకి వెళ్ళినప్పుడల్లా మా ఆయన నా పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. మొన్న బావగారి మనవడి అన్నప్రాసనకి కుర్చీలు వేరే టెంట్ హౌస్ నుంచి తెప్పించారు. మేమూ వెళ్ళాం. ఆ కుర్చీల్లోనే కూర్చుని భోంచేసి వచ్చాం.